పదకొండు రోజుల సాక్ష్యం

“ఏదీ? యాడుందా సిగ్గులేనిది? బయటికి రమ్మను!”

వెంకట్రాజం వేసిన కేకకు పక్కింటి వాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చారు. వరంగల్ బజారులో ఇరవై ఏళ్ళుగా కిరాణా దుకాణం నడుపుతున్న మనిషి! ఒంటిగంట దాటితే తప్ప గల్లా ముందు నుంచి లేవని మనిషి, పట్టపగలు పదకొండింటికే చెప్పులు కూడా విడవకుండా ఇంట్లోకి దూసుకొచ్చాడంటే ఏదో కొంప మునిగిందన్న మాటే! వంటింట్లో పప్పు ఎనుపుతున్న ఆయన భార్య అండాలు చేతిలో గుత్తి అలాగే ఉండిపోయింది.

“ఏమైందండీ... ఎందుకట్ల...”

“ఏమైందా? నీ బిడ్డ పేరు రిజిస్ట్రారు ఆఫీసు గోడకు అతికిచ్చిండ్రు! దాని పేరొక్కటే కాదు, నా పేరు సుత! వెంకట్రాజం కూతురు సుగుణ అట, ఉప్పలయ్య కొడుకు మొగిలి అట... ఇద్దరు పెండ్లి చేసుకుంటాండ్రట! పక్క దుకాణపాయన భూమి కాగితాల కోసం పోయి, చదివొచ్చి, బజారంత చాటింపేసిండు!”

లోపలి గదిలోంచి సుగుణ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది కానీ తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“అది చాటింపు కాదు బాపూ... నోటీసు. కులం వేరైనోళ్ళు ఆఫీసుల పెండ్లి చేసుకోవాలంటే ముందుగాల ఇద్దరం సంతకం పెట్టి నోటీసియ్యాలె. ముప్పై రోజులు బోర్డు మీద పెడతరు. అభ్యంతరం ఉన్నోళ్ళు చెప్పుకోవచ్చు. లేకపోతే ముగ్గురు సాక్షుల ముందట...”

మాట పూర్తి కాలేదు. చెంప ఛెళ్ళుమంది! సుగుణ గోడకు ఆనుకుంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే వెంకట్రాజాన్ని ఇంకా మండించింది.

మొగిలి కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరు. సాలోళ్ళ పిల్లవాడు, నేతపని కులం. ఆఫీసు పరీక్ష రాయాలని హనుమకొండలో కమల టీచరు దగ్గర టైపు నేర్చుకోవడానికి వచ్చేవాడు. సుగుణా అక్కడే నేర్చుకునేది. రెండేళ్ళ పరిచయం. ఈ సంగతి అండాలుకు నెల కిందటే తెలుసు. కూతురు చెప్పినప్పుడు అవుననలేదు, కాదనలేదు. ఆ ఇంట్లో ఆమె ఏనాడూ దేనికీ అవుననీ కాదనీ అన్నది లేదు!

“ముప్పై రోజులా? నేను ముప్పై రోజులు ఆగుతనా? మా అక్క కొడుకు జనగామల ఉన్నడు. వచ్చే నెల ఐదో తారీఖు ముహూర్తం! రేపే కార్డులు అచ్చుకిస్త!” అని గర్జించాడు వెంకట్రాజం. “ఇగ అభ్యంతరమంటవా, అది నేనే పెడత! బడి కాగితం పట్టుకపోయి సారు ముందట పెడత. దీనికి పదిహేడేండ్లే! పద్దెనిమిది నిండనిది ఎట్ల చేసుకుంటదో చూస్త!”

అండాలు నిర్ఘాంతపోయింది. పదిహేడేళ్ళా? బడిలో వేసిన రోజు ఆ తారీఖు రాయించింది ఆయనే! “రెండేండ్లు తక్కువ చెప్తే ఏంబోయింది, రేపు సంబంధాలకు చిన్నపిల్ల లెక్క కనబడతది” అని నవ్వుతూ పుట్టిన సంవత్సరం పందొమ్మిది వందల అరవై నాలుగు అని రాయించింది ఆయనే కదా!

“అయినా... పదిహేడేండ్లయితే జనగామ పెండ్లి మాత్రం ఎట్ల...” అని గొణిగింది.

“నోర్ముయ్! నువ్వు పెంచిన పెంపకమే ఇది!”

సుగుణను రెక్క పట్టి గదిలోకి తోసి, బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, “మాపటికి మా అక్కొచ్చి జనగామ తీస్కపోతది. గుడ్డలు సదురు!” అని భార్యకు ఆజ్ఞాపించాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. తలుపు అవతల నుంచి ఏడుపు వినబడితే అండాలు కూడా కూలబడి ఏడ్చేదేమో! కానీ సుగుణ ఏడవలేదు. “అమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు. నేను అన్నం తినను. ఆళ్ళు నన్ను మోసుకపోవాలె గంతే” అంది మెల్లగా. అన్నం తినదట... తొమ్మిది నెలలు మోసిన బిడ్డ, ఈ తలుపు అవతల కూర్చుని, అన్నం తిననంటోంది! తాను ఈ పక్కన కూర్చుని దాని గుడ్డలు సర్దాలట! అండాలుకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో పప్పులో ఉప్పెక్కువైతే తన మీద తనకు కోపం, పాలు పొంగిపోతే తన మీద తనకు కోపం... మొదటిసారి ఆ కోపం ఇంకొకరి మీదికి తిరిగింది!

వంటింట్లోకి వెళ్ళి మూలనున్న రోకలి తెచ్చింది. నాలుగు దెబ్బలకు తాళం పగిలి కింద పడింది.

“అమ్మా!” అంటూ బయటికొచ్చిన సుగుణ తల్లిని చూసి భయపడింది. కొప్పు ఊడిపోయి, ఊపిరి బుసలు కొడుతూ, చేతిలో రోకలితో... ఎప్పుడూ చూడని అమ్మ!

“నడువు బిడ్డా. హనుమకొండ పోదాం.”

కమల టీచరు పెళ్ళి కాని మనిషి. ఇంటి ముందు గదిలో టైపు మిషన్లు, వెనుక గదిలో ఒక మంచం. “పిల్ల నా దగ్గరుంటది, మీరు నిశ్చింతగా ఉండుండ్రి” అంది. ఆ తర్వాత నుదురు చిట్లించి, “గని అక్కా, మీ ఆయన బడి సర్టిఫికెట్ పెడితే కష్టమే. ఆఫీసరు విచారణ చెయ్యాలె. వయసుకు ఇంకో రుజువు చూపియ్యాలె. పుట్టినప్పటి కాగితమేదన్న ఉన్నదా?” అని అడిగింది.

అండాలు కాసేపు ఆలోచించింది. “కాన్పుకు మా అమ్మగారింటికి పోయిన. నెక్కొండ అవతల మా ఊరు. మా ఊర్ల పోలీసు పటేలు నర్సయ్య, చావు పుట్టుకలు ఆయనే పుస్తకంల రాస్తడు... మా తమ్మునికి ఉత్తరం రాస్తె నకలు పంపుతడు.”

ఆ మధ్యాహ్నమే ఇంటికి తిరిగి వచ్చింది. దాక్కోలేదు. మాపటికి జనగామ ఆడబిడ్డ రాగానే, ఆమె ముందే భర్తతో, “తాళం నేనే పలగ్గొట్టిన. పిల్ల టీచరింట్ల ఉన్నది” అని చెప్పింది. వెంకట్రాజం ఇల్లు అదిరేలా అరిచాడు. ఇంట్లోంచి పొమ్మన్నాడు. “నేను పోను. ఈ ఇంట్ల మీ అమ్మకు ఆరేండ్లు మంచంల చేసిన. ఇది నా ఇల్లు సుత!” అని అండాలు పొయ్యి ముందు కూర్చుంది.

వెంకట్రాజం అన్నట్టే బడి కాగితంతో అభ్యంతరం పెట్టాడు. పదిరోజులకు నకలు వచ్చింది. విచారణ రోజు కూడా వచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పక్క సుగుణ, మొగిలి, అతని తల్లిదండ్రులు ఉప్పలయ్య, యాకమ్మ, కమల టీచరు. ఇంకో పక్క వెంకట్రాజం, ఆయన వెనకాల నలుగురు బజారు పెద్దమనుషులు. ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని నకలు చదివాడు.

“పందొమ్మిది వందల అరవై రెండు, జూలై పద్నాలుగు. తండ్రి వెంకట్రాజం, తల్లి అండాలు, ఆడ శిశువు. దీని ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది దాటి పది నెలలు. దీనికేమంటారు?”

వెంకట్రాజం తడుముకోలేదు. ముందే సిద్ధం చేసుకున్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సారూ, ఆ పుస్తకంల ఉన్న పిల్ల ఈ పిల్ల కాదు. మాకు దీనికంటే ముందుగాల ఒక ఆడపిల్ల పుట్టింది. ఆర్నెల్లు బతికి పోయింది. అరవై రెండుల పుట్టింది ఆ సచ్చిన పిల్ల. సుగుణ అరవై నాలుగుల వరంగల్‌లనే, మా ఇంట్లనే పుట్టింది. బడి కాగితమే నిజం.”

అండాలు చెవుల్లో హోరు...! ఆ చచ్చిన పిల్ల! ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ బిడ్డ మాట ఆ నోటి నుంచి ఒక్కసారి రాలేదు. తొలి కాన్పులో ఆడపిల్ల అని కబురందితే చూడ్డానికి రాలేదు. జ్వరమొచ్చిందంటే రాలేదు. బిడ్డను మట్టిలో కలిపిన వారానికి ఒక కార్డుముక్క రాశాడు... “ఇంట్లో వంటకు ఇబ్బందిగా ఉన్నది, తొందరగా పంపించండి” అని! పాలు గడ్డకట్టిన రొమ్ములతో, జ్వరంతో, రైలెక్కి వచ్చి ఆ రోజే పొయ్యి ముట్టించింది తాను. ఎవరి ముందూ ఏడవకూడదని అత్తగారు ఆంక్ష పెడితే, పొగ వంక పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళకు ఆ తండ్రికి ఆ బిడ్డ గుర్తొచ్చింది! ఎందుకు? బతికున్న బిడ్డ గొంతు కోయడానికి!

“అమ్మా, నిజమేనా? ముందు ఒక పాప పుట్టి పోయిందా?” ఆఫీసరు అడిగాడు.

“పుట్టింది సారూ... పోయింది...” అని అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమనుషులు ఒకరి ముఖాలొకరు చూసుకుని తలలాడించారు. సుగుణ తెల్లబోయి తల్లినే చూస్తోంది. తనకొక అక్క ఉండేదని ఆ పిల్లకు తెలిసింది ఆ క్షణంలోనే!

“రెండు పుట్టుకలైతే రెండూ రాసి ఉండాలి. ఎనిమిది రోజులు గడువిస్తున్నాను. ఉన్న రుజువు తీసుకురండి” అన్నాడు ఆఫీసరు.

అండాలు ఇంటికి పోలేదు. కట్టుబట్టలతో స్టేషనుకు నడిచి నెక్కొండ పోయే ప్యాసింజరెక్కింది.

నర్సయ్య పటేలుకు డెబ్బై దాటాయి. ఇంటి వెనక గదిలో పెట్టె తెరిచి, దుమ్ము దులిపి, అరవయ్యో సంవత్సరం పుస్తకం తీశాడు. వేలు పెట్టి వెతుకుతూ పోయి ఒకచోట ఆగాడు. “ఇగో బిడ్డా... మార్చి మూడు. ఆడ శిశువు. నీ పేరు, నీ పెనిమిటి పేరు.” మళ్ళీ కొన్ని పేజీలు తిప్పాడు. ఈసారి ఆయన గొంతు తగ్గింది. “మార్చి పద్నాలుగు... మరణం. పదకొండు దినాలు. జ్వరం.”

“ఏదీ... యాడ?” అంది అండాలు. ఆయన చూపించిన చోట వేలు పెట్టింది. ఆ పాపకు ఫోటో లేదు, పేరు పిలిచిన వాళ్ళు లేరు, మట్టి మీద గుర్తు లేదు. లోకం మొత్తం మీద ఆమె పుట్టిందని చెప్పేది ఈ ఒక్క వరుస! ఎంతసేపటికీ ఆమె వేలు తీయలేదు. పటేలు కూడా తీయమనలేదు.

“పటేలా, ఈ పుస్తకం పట్టుకొని మీరు వరంగల్ రావాలె.”

ఆయన ఇబ్బందిగా కదిలాడు. “నకలు రాసిస్త తీస్కపో బిడ్డా. మీ ఆయన బజార్ల పేరున్న మనిషి. ఆయన ఎదురుంగ నేను నిలవడి... నాకెందుకు చెప్పు ఈ లొల్లి?”

అండాలు లేచి నిలబడింది. “పటేలా! ఇది మీ చేతి రాతనా, కాదా? నిజమే రాసిన్రా, అబద్ధం రాసిన్రా? నిజమైతే వచ్చి చెప్పుండ్రి. అబద్ధమైతే నా ముందట ఇప్పుడే పొయ్యిల పెట్టుండ్రి, నేనే అగ్గి అంటిస్త!”

ముసలాయన పుస్తకం మూసి గుడ్డలో చుట్టాడు. “వస్త బిడ్డా” అన్నాడు.

రెండో విచారణ రోజు నర్సయ్య పటేలు అరవై, అరవై రెండు సంవత్సరాల పుస్తకాలు రెండూ బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు అరవయ్యో సంవత్సరంది తెరిచి, పైకి చదివాడు. “మార్చి మూడు, జననం. మార్చి పద్నాలుగు, మరణం. వయసు పదకొండు రోజులు.” పుస్తకం మీది నుంచి కళ్ళెత్తి వెంకట్రాజాన్ని చూశాడు. “ఆరు నెలలు బతికిందన్నారు?”

“అంటే... ఎన్నడో సంగతి సారూ. తారీఖులు యాది లేవు...”

“యాదెందుకుంటది?”

అండాలు గొంతు! ఆ గదిలో ఎవరూ ఆ గొంతు అలా వినలేదు. కమల టీచరు ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“యాదెందుకుంటది నీకు? చూసినవా? ఎత్తుకున్నవా? తెల్లగుండెనో నల్లగుండెనో చెప్పు! చెప్పు ఈ పెద్దమనుషుల ముందట!” ఇరవై మూడేళ్ళలో ఆమె భర్తను నువ్వు అనడం అదే మొదలు. “పదకొండు దినాలు నా ఒడిల కొట్టుకున్నది. నువ్వు రాలె. సచ్చిపోతె రాలె. అప్పుడు అక్కెరకు రాని నా బిడ్డ ఇయ్యాల నీకు అక్కెరకొచ్చిందా? దాని పుట్టిన తారీఖు సుత గుంజుకుంటవా? ఉన్న బిడ్డను కట్టెయ్యడానికి సచ్చిన బిడ్డనా నీకు తాడు? సుగుణ వరంగల్‌ల పుడితే మునిసిపాలిటీల ఏది రాత? చూపియ్యి! ఈ పిల్ల జూలై పద్నాలుగో తారీఖు, మబ్బు పట్టిన పొద్దు, మా అమ్మ ఇంట్ల పుట్టింది. కన్నది నేను! నువ్వు కాదు!”

వెంకట్రాజం తల వంచుకున్నాడు. వెనకున్న పెద్దమనుషుల్లో ఒకాయన మెల్లగా తలుపు వైపు జరిగాడు.

అండాలు కొంగు ముడి విప్పి ఒక పసుపు రాసిన కార్డు బల్ల మీద పెట్టింది. “సారూ, ఇది సుత చూడుండ్రి. బిడ్డకు పదిహేడేండ్లే అన్న ఈ తండ్రి, ఐదో తారీఖు నాడు జనగామల అదే బిడ్డకు చేస్తనని అచ్చేయించిన పెండ్లికార్డు!”

ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. “మీ కాగితమే నిజమైతే ఈ కార్డు వేసినందుకు మీ మీద కేసవుతుంది. ఈమె పుస్తకం నిజమైతే మీ అభ్యంతరం నిలవదు. వెంకట్రాజం గారూ, ఏది నిజమంటారు?”



“పుస్తకమే...” అన్నాడు వెంకట్రాజం, బల్ల దగ్గరికి మాత్రమే వినబడేంత చిన్నగా. వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నోటీసు గడువు నిండిన మూడో రోజు పెళ్ళయింది. మంత్రాలు లేవు, మేళం లేదు. సుగుణ, మొగిలి ఒకరి తర్వాత ఒకరు ఆఫీసరు ముందు నిలబడి, నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నాను, నిన్ను నా భార్యగా స్వీకరిస్తున్నాను అని చెప్పారు. ఒక్క నిమిషం! ఆ ఒక్క నిమిషం కోసం ఎన్ని కాగితాలు, ఎంత రభస... సాక్షుల సంతకాలు కావాలన్నారు. ఉప్పలయ్య పెట్టాడు. కమల టీచరు పెట్టింది. మూడో గీత దగ్గరికొచ్చేసరికి అండాలు కలం పట్టుకుని, ఒక్కొక్క అక్షరం గట్టిగా నొక్కి రాసింది. వరండాలో యాకమ్మ తెచ్చిన పుస్తె మొగిలి కట్టాడు.

సుగుణ తల్లి కాళ్ళకు మొక్కి అలాగే పట్టుకుంది. “నీకు గింత దుఃఖమున్నదని నాకు తెల్వదమ్మా... నాతోనైనా చెప్పలె...” అని వెక్కి వెక్కి ఏడ్చింది. యాకమ్మ వచ్చి అండాలు భుజం మీద చెయ్యేసి, “వదినా, మా ఇంటికే రా. ఇగ ఆ మనిషి కాడ ఏముంటవ్?” అంది.

“నేనెందుకు పోత నా ఇల్లు ఇడిసి?” అని కళ్ళు తుడుచుకుంది అండాలు. “తప్పు చేసినోడు తల దించుకొని తిరగాలె. నేను కాదు.”

ఆమె ఇంటికే వెళ్ళింది. పదహారు రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. ఆమె వండి కంచంలో పెట్టేది. ఆయన తిని లేచేవాడు. దుకాణంలో ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు కానీ, ఆయన రాగానే మాటలు ఆగిపోయేవి. ఆయన నడకలో ఏదో తగ్గింది. అండాలు అది చూసింది. జాలి పడలేదు.

పదిహేడో రోజు మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ ఆయన చెయ్యి ఆగిపోయింది.

“అండాలూ... ఆ పిల్ల... ఎట్లుండె?”

ఆమె చేతిలోని గరిటె గిన్నెలో పడింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఈ మాట కోసం ఎదురుచూసింది కాబోలు తాను! ఎదురుచూస్తున్నట్టు తనకే తెలియదు! కళ్ళు గిర్రున నిండిపోయాయి. అయినా గొంతులో కోపం కోపంగానే ఉంది.

“మీ లెక్కనే ఉండె. నుదురు, ముక్కు... అచ్చం మీ లెక్క.”

వెంకట్రాజం కంచం పక్కకు జరిపాడు. “పేరు... పెట్టిన్రా?”

“ఇరవై ఒకటో దినం దాక ఉంటెనే గద పెట్టేది. నేను పెట్టుకున్న... నాలోపట.”

“ఏం పేరు?”

“మీకు చెప్ప.”

ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అండాలు దగ్గరికి వెళ్ళలేదు. ఓదార్చలేదు. గోడకు ఆనుకుని తన ఏడుపు తాను ఏడ్చింది. ఒకే గదిలో, ఒకే బిడ్డ కోసం, ఇద్దరూ వేరు వేరుగా...

చాలాసేపటికి ఆయన చెయ్యి కడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఆదివారం దుకాణం కట్టేస్త. కాజీపేటకు... పోదామా?”

“నేనెట్లనూ పోతాన్న” అంది అండాలు, కంచం తీస్తూ. “మీరొస్తే రాండ్రి. మిమ్ముల చూసి నా బిడ్డ తలుపు తీస్తదో, తియ్యదో... అది దాని ఇష్టం. తియ్యకపోతే మాత్రం నేను చెప్పి తీయించ.”

వెంకట్రాజం తలూపాడు. “మంచిది” అన్నాడు. “బయటనే నిలవడ్త.”